కృష్ణ ఒడ్డున నాలుగు రోజులు: సీసాను ఎక్కడ ఆపాలి?

తెలంగాణలో బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా సాగుతాయి. ఆ ఏడు వారాల్లో ఏ శనివారం పొద్దునైనా హైదరాబాద్ పొలిమేరలో ఒక పెట్రోలు బంకు దగ్గర నిలబడి చూడండి. కృష్ణ వైపు కదిలే బండ్లలో పిల్లలు, ఈత ట్యూబులు, ఐసు పెట్టె అన్నీ కలిసే ఉంటాయి. నీళ్ళలో దిగే చోట మందును అదుపు చేయాలన్న దానిలో మాకు రెండో మాట లేదు. ఎక్కడ ఆపితే ఆగుతుంది, ఎక్కడ ఆగదు అన్నది కళ్ళారా చూద్దామని మే నెలలో ముగ్గురం బయల్దేరాం. ఇంటికి వచ్చిన మర్నాడే రాసుకున్నది ఇది.

శనివారం: గండిపేట, సోమశిల

పొద్దున ఏడింటికి గండిపేట కట్ట మీద ఆగాం. 1908 మూసీ వరద చేసిన నష్టం చూశాక కట్టించి, 1920లో పూర్తిచేసిన జలాశయం ఇది. నగరం తాగే నీళ్ళలో దీనికి ఇప్పటికీ వంతు ఉంది. రాళ్ళ సందుల్లో గోధుమరంగు గాజు, పచ్చ గాజు, తెల్ల గాజు. బీరు సీసా పగిలితే మెడ, అడుగు దళసరిగా మిగులుతాయి. కాలిని కోసేవి అవే. నడిమి పెంకులు బురదలో కూరుకుపోయి, నీరు తగ్గినప్పుడు మళ్ళీ తేలతాయి. వల వేయడానికి దిగుతున్న ఒకాయన రబ్బరు చెప్పుల్ని తాడుతో మడమలకు కట్టుకున్నాడు. "ముల్లు గుచ్చితే తీసుకోవచ్చన్నా. తెల్ల గాజు నీళ్ళల్ల కనపడనే కనపడదు" అన్నాడు.

కొల్లాపూర్‌లో కిలో అరవై చొప్పున బేనిషాన్ మామిడిపండ్లు తీసుకుని, మధ్యాహ్నం రెండింటికి సోమశిల చేరాం. ఎండకు రేవు మెట్లు కాలుతున్నాయి. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. మే నెలలో నీరు అంతకు ఎంతో దిగువన ఉంటుంది. వానాకాలంలో మెట్లను తాకే కృష్ణ ఇప్పుడు ఒండ్రు దాటి చాలా దూరాన మెరుస్తోంది. ఆ ఒండ్రును నమ్మకూడదు. పైన ఎండి పెంకులా బీటలు వారుతుంది, కింద మోకాలి లోతు బురద ఉంటుంది. పైగా ఈ జలాశయం కింద ఎన్నో ఊళ్ళు మునిగాయి. పాత గోడలు, చింత మొద్దులు, పూడ్చని బావులు ఇంకా అడుగునే ఉన్నాయి. నడుము లోతే కదా అని నిలబడిన చోటికి నాలుగడుగుల అవతల లోతెంతో, పుట్టి అనే గుండ్రటి పడవ నడిపేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. స్పృహలో ఉన్నవాడు కాలితో తడుముకుంటూ నడుస్తాడు. తాగినవాడు గట్టు మీంచి తల ముందుకు పెట్టి దూకుతాడు. మెడ విరగడానికి అంత లోతు కూడా అక్కర్లేదు.

భోజనం రేవు పక్క పాకలో. జొన్న రొట్టె ఇరవై రూపాయలు, రవ్వ చేప వేపుడు పళ్ళెం నూట యాభై. చేప ముక్కలకు కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి గంటసేపు ఎండలోనే పెడుతుంది ఆ అక్క. వేపేముందు బొంబాయి రవ్వలో పొర్లిస్తుంది. పైన కరకర, లోపల మెత్తన. మందు సంగతి ఎత్తితే దాచలేదు. "తాగెటోళ్ళు రాకుంటే చేప అమ్ముడుపోదు సారూ. తాగి నీళ్ళల్ల పడితే మల్ల మా తమ్ముండ్లే దుంకాలె" అంది. నిషేధం అనగానే ఆమె పొయ్యి మీద నీళ్ళు పోయడం కాదని ముందు ఆమెకు తెలియాలి. ఆమె పాక రేవు మెట్లకు యాభై అడుగుల దూరంలో ఉంది. దాన్ని బండ్లు ఆగే మైదానం దగ్గరికి జరిపి స్థలం చూపిస్తే, చేప తినేవాళ్ళు అక్కడ తింటారు, ఈదేవాళ్ళు ఇక్కడ ఈదుతారు.

చింతచెట్టు కింద ఎనిమిదిమంది కుర్రాళ్ళు తాగి, తిని, ఒక కునుకు తీసి, నాలుగున్నరకు నీళ్ళవైపు నడిచారు. నిద్రపోతే దిగిపోతుందన్న ఈ నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. లెక్క వేసి చూద్దాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. అంటే ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. పన్నెండింటికి క్వార్టర్ తాగినవాడి ఒంట్లోంచి అది పోయేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఉందనుకుంటే అది 40 గ్రాములు, అయిదారు గంటలు. చన్నీళ్ళ స్నానం, మజ్జిగ, నిమ్మకాయ, ఏదీ ఆ వేగాన్ని పెంచదు. ఈలోగా ఒంట్లో జరిగేది ఇది: చర్మం కింది రక్తనాళాలు వెడల్పై ఒంటి వేడి త్వరగా పోతుంది, చెవి లోపలి తూకం తప్పి మునిగినప్పుడు పైకేదో కిందికేదో తెలియదు, నీళ్ళు గొంతులోకి రాగానే మూసుకోవాల్సిన శ్వాసదారి ఆలస్యంగా మూసుకుంటుంది. అందుకే ఈత వచ్చినవాళ్ళూ పోతారు.

ఆ ఎనిమిదిమందినీ పుట్టివాళ్ళు మాటల్లో పెట్టి మోకాలి లోతులోనే ఆపారు. వాళ్ళకు దానికి జీతం లేదు.

ఆదివారం: సంగమేశ్వరం, ఒక తప్పుదారి

సంగమేశ్వరం ఆలయం ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది, వేసవిలో బయటపడుతుంది. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాశి కలిసే చోటని సప్తనదీ సంగమం అంటారు. లోపలిది వేపమాను లింగం. ఇటు ఒడ్డు నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ; అటు ఒడ్డు నంద్యాల జిల్లా, ఆంధ్రప్రదేశ్. నది మధ్యలో జరిగే తప్పు ఏ ఠాణాది అన్న ప్రశ్న ఇక్కడ రోజూ ఉండేదే.

మరబోటులో దాటాం. లైఫ్ జాకెట్లు ఇచ్చారు. జాకెట్ సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టు. ఎండకు ఉక్కపోసి పట్టీలు విప్పేసేవాళ్ళలో ముందుండేది తాగినవాళ్ళే. వాళ్ళే ఫొటో కోసం ఒక్క పక్కకు చేరతారు. పుట్టిలో అయితే ఇది ఇంకా ప్రమాదం. పుట్టి గుండ్రన, అడుగు బల్లపరుపు. అందరూ అడుగున కూర్చుని బరువు సమంగా పంచితేనే నిలుస్తుంది. ఒక్కడు లేచి నిలబడ్డా అంచు నీళ్ళలోకి వంగుతుంది.

సరంగు, అంటే పడవ నడిపేవాడి, సంగతి వేరుగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగాక ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల మీద నిఘాకు రేవుల దగ్గర నియంత్రణ గదులు పెట్టారు. ఆ ప్రమాదం వరద ఉధృతిలో జరిగింది, మందు వల్ల జరిగిందని ఎవరూ అనలేదు. అయినా సరంగు పడవ ఎక్కకముందే గొట్టంలో ఊదాలన్న నియమం ప్రతి రేవులో ఉండాలి. రోడ్డు మీద బండి నడిపేవాడికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదంటాం. అరవైమంది ప్రాణాలు మోసే సరంగుకు సున్నాకు మించి ఎందుకు ఒప్పుకోవాలి? రోడ్డు మీద వాడే యంత్రమే రేవులోనూ పనికొస్తుంది. నోటి ముందు పెట్టే గొట్టం మనిషికొకటి మారిస్తే చాలు.

తిరిగి వచ్చాక సాయంత్రం దారి తప్పాం. రేవు రోడ్డనుకుని ఇసుక ట్రాక్టర్ల బాట పట్టాం. రెండు కిలోమీటర్లు తుమ్మచెట్ల మధ్య పోతే నేరుగా నీళ్ళ అంచుకే తేలింది. అక్కడ ఆరు కార్లు, డిక్కీలు తెరిచి పాటలు, రాళ్ళ పొయ్యి మీద కోడికూర. పెద్ద రేవులో 'మద్యం సేవించరాదు' అన్న పసుపు పలక ఉంది. ఇక్కడ పలక లేదు, పుట్టివాళ్ళు లేరు, వెలుగు లేదు. పైగా ఇసుక తోడిన గుంతలు. నీటి మీంచి చూస్తే అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. మోకాలి లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగుకు మునిగిపోతాడు. గుంత అంచున ఇసుక జారుతూనే ఉంటుంది కాబట్టి కాలు ఊనుకోదు. రేవులో కట్టడి పెంచితే తాగేవాళ్ళు ఇంటికి పోరు, ఇలాంటి బాటలు వెతుక్కుంటారు. అందుకని ఒడ్డు పొడవునా పోలీసుల్ని నిలబెట్టడం అయ్యే పని కాదు. బాటల మొగలు, అంటే అవి మొదలయ్యే చోట్లు, లెక్కపెట్టాలి. మేం తిరిగిన ఆ అయిదారు కిలోమీటర్లలో కారు పట్టే దారులు నాలుగే. ఒకటి తెరిచి, మూడింటికి అడ్డంగా కందకం కొట్టి, రైతు ట్రాక్టరు పోయేందుకు తాళం వేసే గొలుసు పెడితే సగం పని అవుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. బహిరంగంగా తాగి అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ కింద 24 గంటల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. అయితే అది అల్లరి జరిగాక పనికొచ్చేది. ముందే ఆపడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ ఉంది, పాత 144. కలెక్టరు, ఆర్డీవో స్థాయిలో ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాని గడువు రెండు నెలలు. మన బడి సెలవులు ఏడు వారాలు. ఒక్క ఉత్తర్వులో వేసవంతా ఇమిడిపోతుంది. రెండు ఒడ్డుల కలెక్టర్లూ ఒకే తేదీన, ఒకే మాటలతో ఇవ్వాలి. లేకపోతే ఇటు పట్టుబడ్డ సీసా పడవెక్కి అటు పోతుంది.

సెలవుల మేరకే కట్టడి పెట్టడం కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర అమెరికన్ నది మీద ట్యూబుల్లో తేలుతూ తాగే గుంపుల బెడద ఎక్కువై, మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే వంటి వేసవి సెలవుల్లో మందు నిషేధించారు. టెక్సస్‌లో న్యూ బ్రౌన్‌ఫెల్స్ వాళ్ళది ఇంకో దారి. కోమల్, గ్వాడలూప్ నదుల మీదికి వాడి పారేసే డబ్బాలు, సీసాలు తీసుకురాకూడదని 2011లో నియమం పెట్టారు. 2014లో కోర్టు కొట్టేసింది, 2017లో పై కోర్టు నిలబెట్టింది. మన దగ్గరే గోవాలో 2019లో పర్యాటక చోట్ల బహిరంగంగా తాగితే రెండు వేలు, గుంపుగా అయితే పదివేల జరిమానా పెట్టారు.

రాత్రి గదిలో పచ్చిపులుసు, మామిడికాయ పప్పు, అన్నం. మనిషికి నూట ఇరవై.

సోమవారం: మన్ననూరు, మల్లెలతీర్థం

నల్లమలలోకి మన్ననూరు చెక్‌పోస్టు దాటే వెళ్ళాలి. రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా దారి మూసేస్తారు. అటవీ సిబ్బంది డిక్కీ తెరవమన్నారు, సంచీలు చూశారు, ఏమీ విసుక్కోలేదు. మా ముందు బండిలో అరడజను బీర్లు దొరికితే వెనక్కి తిప్పించారు. బండిలో ఉన్న పెద్దాయన కాసేపు గొణిగి, ఎవరికో ఫోను చేసి, చివరికి తిప్పుకుని వెళ్ళాడు. మల్లెలతీర్థానికి సుమారు 350 మెట్లు దిగాలి. మే నెలలో నీరు సన్నటి ధార. అంత కిందికి దిగినా మడుగు చుట్టూ మాకు కనబడ్డవి రెండే సీసాలు. పెద్ద పలకలూ లేవు, కాపలా కూడా పెద్దగా లేదు. దారి ఒక్కటే కావడం, దాని మొగలో మనిషి ఉండడం, ఈ రెండే తేడా.

ఆ తనిఖీలోనూ తప్పించుకునేవి ఉన్నాయి. కూల్‌డ్రింకు సీసాలో కలిపిన రమ్ము, నీళ్ళ సీసాలో పోసిన వోడ్కా. కనిపెట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. మూత మీద గీతల ముద్ర తెగి ఉందా చూడాలి. తెగి ఉంటే మూత తీసి వాసన చూడాలి. సీసాను గట్టిగా ఊపితే మంచినీళ్ళ బుడగలు వెంటనే పోతాయి, మందు కలిసినవి కాస్త నిలుస్తాయి అంటారు. దాన్ని నమ్ముకోకుండా వాసనే చూడటం మేలు. ఆడవాళ్ళ సంచీలు చూడటానికి ఆడమనిషే ఉండాలి. అది లేనందువల్లే చాలాచోట్ల తనిఖీ తగువుగా మారి ఆగిపోతుంది. దొరికిన సీసాను పారబోయకుండా చీటీ కట్టి దాచి, తిరిగి వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తే తగువులో ముప్పాతిక తగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్నది పోతుందన్న బాధే మనిషిని గొడవకు దింపేది.

గాజు సంగతికి నీలగిరిలో 2022లో మొదలైన పద్ధతి ఉంది. ప్రతి సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ పది ఇచ్చేస్తారు. కొల్లాపూర్, దేవరకొండ, సాగర్ దుకాణాల్లో ఈ పని చేస్తే, తాగినవాడు పడేసినా ఏరుకునే పిల్లవాడికి పది రూపాయలు.

డిండి దగ్గర కల్లు పాక ముందు ఆగాం. అక్కడి గీత కార్మికుడు ముందే అడిగాడు, "మందు బంద్ అంటే మా కల్లు గూడ బందేనా?" అని. న్యాయమైన ప్రశ్న. కల్లు తాగి దిగినా ఒంట్లో జరిగేది అదే కాబట్టి నీటి అంచున దానికి మినహాయింపు ఉండకూడదు. కానీ అతను అమ్మేది ఊళ్ళో, చెట్టు కింద. ఉత్తర్వులో 'నీటి అంచు నుంచి ఇన్ని మీటర్ల లోపల తాగడం, తీసుకెళ్ళడం' అని రాస్తే అతని జోలికి ఎవరూ రారు. ఉత్త 'మద్యం నిషేధం' అని రాస్తే ముందు పట్టుబడేది అతని కుండే. డజను ముంజలు ఎనభైకి కొనుక్కుని కదిలాం.

మంగళవారం: నాగార్జునసాగర్

వారం మధ్య కాబట్టి జనం పలచన. నాగార్జునకొండకు లాంచి ఎక్కే చోట మళ్ళీ అదే పద్ధతి: చెక్క వంతెన ఒక్కటే, దాని మొదట్లో సంచీ చూస్తారు. లాంచిలో తాగినవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ లాంచి దిగి అర కిలోమీటరు నడిస్తే, 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్లలో ఒకదాని మీద నలుగురు పట్టపగలే కూర్చున్నారు. ఒకే నది, ఒకే ఊరు.

డ్యామ్ దిగువన కృష్ణ బండల మధ్య మడుగులుగా ఉంటుంది. పాచి పట్టిన బండ మీద తడికాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిరిగితే వాన లేకుండానే నీరు పెరుగుతుంది. ఒడ్డున ఉన్న జాలరి ఒకాయన నీటిమట్టానికి బండ మీద బొగ్గుతో గీత గీసి, పావుగంటకోసారి చూసుకుంటున్నాడు. ఆయన దగ్గర 20 మీటర్ల నైలాన్ తాడు, చివర మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బా. డబ్బాలో అరగ్లాసు నీళ్ళు ఉంచుతాడట, లేకపోతే గాలికి దూరం పోదు. "ముందు తాడు, తర్వాత కర్ర. మనిషి దిగుడు ఆఖర్న" అన్నాడు. తాగినవాడు రక్షించేవాడి మెడ పట్టేస్తాడు, వదలడు. ఇద్దరు పోయే చావులు అలాగే జరుగుతాయి.

పైకి తీశాక మన ఊళ్ళలో చేసే రెండు తప్పులు ఇక్కడా చెప్పుకోవాలి. పొట్ట నొక్కకూడదు, తలకిందులుగా వేలాడదీయకూడదు. కడుపులో మందు, కూర ఉన్నవాడికి వాంతి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి అయిదుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య 30 నొక్కులు, రెండు ఊదులు, మళ్ళీ 30, అలా 108 అంబులెన్సు వచ్చేదాకా. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

అయిదు దాటాక ఘాట్ మీది నలుగురు మడుగు మధ్య బండ మీదికి చేరారు, సీసాలతో సహా. కాసేపటికి జాలరి తన బొగ్గు గీత వైపు చూసి లేచాడు. గీత కనబడటం లేదు. భుజం మీది తువ్వాలు తీసి గట్టిగా ఊపుతూ కేక వేశాడు. వాళ్ళు పలకరిస్తున్నాడనుకుని చేతులు ఊపారు. ఆయన రెండోసారి కేక వెయ్యలేదు. డబ్బా చంకన పెట్టుకుని, తాడు చుట్టలు విప్పుకుంటూ బండల మీదుగా వాళ్ళవైపు నడిచాడు. నలుగురూ ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని ఒడ్డుకు వచ్చేసరికి నీరు ఆఖరివాడి తొడల దాకా ఉంది. సీసాల అట్టపెట్టె బండ మీంచి లేచి, రెండుసార్లు తిరిగి, దిగువకు పోయింది.